చెట్లు లెక్కపెట్టొద్దు, చుక్కలు లెక్కపెట్టండి

2025 మార్చి ఆఖరున, ఏప్రిల్ మొదట్లో మీ ఫీడ్‌లో ఏముందో గుర్తుందా? కంచ గచ్చిబౌలి. హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీ పక్కన 400 ఎకరాలు, రాత్రిపూట లైట్లేసుకుని తిరిగే జేసీబీలు, నెమళ్ల అరుపులు, మధ్యమధ్యలో ఏఐతో చేసిన బొమ్మలు. ఏప్రిల్ 3న సుప్రీంకోర్టు పనులు ఆపమంది. అప్పటిదాకా నడిచిన గొడవంతా ఒక్క ప్రశ్న చుట్టూనే: ఇది అడవా, కాదా?

మే నెలలో కోర్టులో ఒక వాక్యం వినబడింది. చదును చేసిన సుమారు 104 ఎకరాల్లో 60 శాతానికి పైగా మధ్యస్థ దట్టమైన, బాగా దట్టమైన అడవి ఉండేదని ఫారెస్ట్ సర్వే ఆఫ్ ఇండియా చెబుతోందని. చాలామంది 'దట్టం' అన్న మాట పట్టుకున్నారు. నేను 'మధ్యస్థ' దగ్గర ఆగిపోయాను. మధ్యస్థం అంటే ఎంత? ఎక్కడ మొదలై ఎక్కడ ఆగుతుంది? ఒక భూమి భవిష్యత్తు ఆ మాట మీద ఆధారపడినప్పుడు, ఆ మాటను ఎలా కొలుస్తారో తెలుసుకోవడం మన పనే కదా. ఈ వారం అదే.

మొదటి సంగతి. ఇక్కడ ఎవరూ చెట్లు లెక్కపెట్టరు. కొలిచేది పందిరిని. సూర్యుడు సరిగ్గా నడినెత్తిన ఉన్నాడనుకోండి. ఆ క్షణంలో చెట్ల కొమ్మలు, ఆకులు కలిసి నేల మీద ఎంత మేర నీడ వేస్తాయో, మొత్తం నేలలో అది ఎంత శాతమో, అదే పందిరి శాతం. ఆకుల మధ్య నుంచి జారే చిన్నచిన్న వెలుగు మచ్చల్ని సాధారణంగా పట్టించుకోరు.

మన దేశం లెక్క ఇది: పందిరి 70 శాతం, ఆపైన ఉంటే బాగా దట్టమైన అడవి. 40 నుంచి 70 మధ్య అయితే మధ్యస్థ దట్టం. 10 నుంచి 40 అయితే పలుచని అడవి. 10 కంటే తక్కువైతే పొదల నేల. కనీసం ఒక హెక్టారు, అంటే దాదాపు రెండున్నర ఎకరాలు ఉండాలి. ఆ నేల ఎవరిది, రికార్డుల్లో ఏమని ఉంది, చెట్లు ఏ జాతివి అనేది ఈ లెక్కకు అక్కర్లేదు.

ఆ చివరి వాక్యం మళ్లీ చదవండి. పది మీటర్ల వెడల్పున విస్తరించిన మామిడి చెట్టు సుమారు 78 చదరపు మీటర్లకు నీడ ఇస్తుంది. హెక్టారులో 10 శాతం అంటే 1,000 చదరపు మీటర్లు. అంటే రెండున్నర ఎకరాల్లో అలాంటి మామిడి చెట్లు 13 ఉంటే చాలు, పందిరి లెక్క ప్రకారం పలుచని అడవి గడప దాటేసినట్టే. అదే పది మీటర్ల దూరంలో వరుసగా నాటి, కొమ్మలు ఒకదానికొకటి తగిలేంత పెరిగిన తోటలో పందిరి 78 శాతం. నూజివీడు మామిడి తోట, నల్లమల లోయ పక్కపక్కన నిలబడి ఒకే మార్కులు తెచ్చుకోగలవు. ఇది బాగుందా బాలేదా అన్నది వేరే వారం మాట్లాడుకుందాం. నాకైతే బాలేదు.

ఇక కొలవడం. అడవిలో ప్రతి కొమ్మ కింద టేపు పట్టుకుని తిరగలేం. అందుకే చుక్కలు.

ఒక మ్యాపు తీసుకుని దాని మీద కళ్లు మూసుకుని చల్లినట్టు 200 చుక్కలు పెట్టండి. ఒక్కో చుక్క దగ్గర ఒకే ప్రశ్న: ఇక్కడ పైన చెట్టు కొమ్మ ఉందా, లేదా? అవును, కాదు, అంతే. 64 చోట్ల అవునని వస్తే పందిరి 32 శాతం. నేలంతా తిరగకుండా, ఒక్క చెట్టునూ కొలవకుండా జవాబు వచ్చేసింది. పాత రోజుల్లో విమానం నుంచి తీసిన ఫొటోల మీద చుక్కల గళ్లున్న పారదర్శక కాగితం పరిచి ఇదే చేసేవారు. ఇప్పుడు అమెరికా అటవీ శాఖ వాళ్ల ఐ-ట్రీ కెనోపీ అనే ఉచిత వెబ్ టూల్ గూగుల్ మ్యాప్ మీద అదే పని చేస్తుంది. అది చుక్క చూపిస్తుంది, మీరు చెట్టా కాదా చెప్పి క్లిక్ చేస్తారు.

ఇందులో చాలామంది నమ్మని సంగతి ఒకటుంది. 200 చుక్కలు 400 ఎకరాల మీద పెట్టినా, మొత్తం నల్లమల మీద పెట్టినా, శాతంలో వచ్చే తప్పు దాదాపు ఒక్కటే. ప్రాంతం పెద్దదైతే చుక్కలు ఎక్కువ కావాలని మనసు చెబుతుంది, లెక్క ఒప్పుకోదు. సాంబారు ఉప్పు చూడ్డానికి గరిటెడు చాలు, గిన్నె ఇంటిదైనా పెళ్లిదైనా.

కాకపోతే సాంబారును ముందు కలపాలి. అడవిని కలపలేం. అక్కడే అసలు కథ మొదలవుతుంది.

అన్నం ఉడికిందో లేదో ఒక్క మెతుకు చూస్తే తెలుస్తుందని మనవాళ్లు అంటారు. గిన్నెలో అంతా ఒకేలా ఉడికితే ఆ మాట నిజం. అడవి అడుగంటిన గిన్నె లాంటిది. వాగు పక్కన పచ్చగా, గుట్ట మీద రాళ్లు, రోడ్డు పక్కన నరికేసి, లోపల చిక్కగా. పైపైన దొరికిన మెతుకు పట్టుకుంటే పొరపాటే. కొలిచేవాళ్లు ఎక్కువగా చేసే పని కూడా అదే: బండి వెళ్లగలిగిన చోట ఆగి, దగ్గర్లో చూసుకుని, రాసుకుని రావడం. బండి వెళ్లే చోటికే గొడ్డలీ వెళుతుంది. అందుకే రోడ్డు పక్క మెతుకు లోపలి అడవి గురించి అబద్ధం చెబుతుంది. అలాంటి చుక్కలు 200 కాదు, 20 వేలు పెట్టినా అబద్ధం నిజం కాదు. ఇంకా గట్టిగా వినబడుతుంది, అంతే.

'చుక్క ఎక్కడ పడాలో మనిషి ఎంచుకోకూడదు' అన్న పట్టుదల మన దేశంలో పాతదే. 1937లో పి.సి. మహలనోబిస్ బెంగాల్‌లో జనపనార సాగు విస్తీర్ణం తేల్చడానికి శాంపిల్ సర్వే మొదలుపెట్టారు. ఏ చెక్క కొలవాలో లాటరీ చెప్పాలి, కొలిచేవాడి కాళ్లు కాదు. ఆయన పెట్టిన కలకత్తా సంస్థకే 1941లో మన ఆంధ్రా యూనివర్సిటీ నుంచి మ్యాథ్స్ చదివిన ఒక కుర్రాడు వెళ్లాడు. ఆయనే తర్వాత ప్రపంచానికి తెలిసిన సి.ఆర్. రావు.

లాటరీ ఒక్కటే దారి కాదు. చుక్కల్ని సమాన దూరంలో, గళ్ల ముగ్గులా కూడా పెట్టొచ్చు. పెద్ద అడవికి చాలాసార్లు అదే మెరుగు, ఎందుకంటే లాటరీలో కొన్ని మూలల్లో చుక్కలు గుంపుగా పడి, ఇంకొన్ని మూలలు ఖాళీగా మిగిలిపోతాయి. ముగ్గు అయితే అంతటా సమానంగా పరుచుకుంటుంది. దాని ప్రమాదం వేరు. ఖమ్మం వైపు జామాయిల్ తోటలు చూశారా, తాడు పట్టి నాటినట్టు వరుసలు? మీ ముగ్గు దూరం ఆ వరుసల దూరంతో కలిసిందంటే, చుక్కలన్నీ చెట్ల నెత్తినే పడొచ్చు, లేదా అన్నీ సందుల్లోనే పడొచ్చు. ఒకే తోటకు ఒకరు 90 అని, ఇంకొకరు 10 అని చెప్పే అవకాశం ఉంది. ఇద్దరూ నిజాయితీపరులే.

ఫిన్లాండ్ వాళ్లు దీన్ని వందేళ్ల కిందటే ఆలోచించారు. 1921 నుంచి 1924 దాకా చేసిన వాళ్ల మొదటి దేశవ్యాప్త అటవీ లెక్కలో మనుషులు అడవుల్లో సమాంతర గీతల వెంట నడిచారు. గీతకూ గీతకూ మధ్య 26 కిలోమీటర్లు. నడక నైరుతి నుంచి ఈశాన్యానికి. ఆ దేశంలో సరస్సులు, మిట్టల వరుసలు ఎక్కువగా వాయవ్యం నుంచి ఆగ్నేయానికి సాగుతాయి. వాటి వెంట నడిస్తే ఒకే రకం నేల కాళ్ల కింద గంటలకొద్దీ వస్తుంది. అడ్డంగా కోసుకుంటూ వెళితే లోయ, మిట్ట, బురద, అన్నీ వాటి వాటా ప్రకారం తగులుతాయి. మన తూర్పు కనుమల్లో అయినా అంతే. వాగు వెంట నడిస్తే అందం, అడ్డంగా నడిస్తే లెక్క.

మూడో దారి, ముందే ముక్కలు చేసుకోవడం. ఇక్కడ ఒక ఉచ్చు ఉంది, కాలేజీ ప్రాజెక్టులు చేసేవాళ్లు దయచేసి గమనించాలి. 100 ఎకరాల క్యాంపస్ అనుకుందాం. 80 ఎకరాలు బిల్డింగులు, గ్రౌండ్లు, అక్కడ పందిరి 10 శాతం. 20 ఎకరాలు వెనకాల తోపు, అక్కడ 80 శాతం. రెండు చోట్లా చెరో 50 చుక్కలు పెట్టి అన్నింటినీ కలిపేసి సగటు తీస్తే 45 శాతం వస్తుంది. పోస్టర్ మీద బ్రహ్మాండంగా ఉంటుంది. కానీ విస్తీర్ణం ప్రకారం తూకం వేస్తే, పదిలో ఎనిమిది వంతులు 10 శాతం, రెండు వంతులు 80 శాతం. అసలు జవాబు 24. క్యాంపస్ అదే, చుక్కలు అవే, అంకె మాత్రం దాదాపు రెట్టింపు తేడా.

ఇప్పుడు 'అటూ ఇటూ' సంగతి. మన 200 చుక్కల్లో 64 వచ్చాయి కదా, 32 శాతం. అది కచ్చితంగా 32 కాదు. లాటరీ ఇంకోసారి తీస్తే 29 రావచ్చు, 35 రావచ్చు. ఎంత ఊగుతుందో లెక్క కట్టొచ్చు: ఈ ఉదాహరణలో అటూ ఇటూ ఆరున్నర. అంటే అసలు పందిరి సుమారు 25 నుంచి 39 మధ్య ఎక్కడో ఉందని 95 శాతం నమ్మకంతో చెప్పగలం. ఊగిసలాటను సగం చేయాలంటే చుక్కలు రెట్టింపు చేస్తే చాలదు, నాలుగింతలు చేయాలి. 800 పెడితే అటూ ఇటూ మూడు చిల్లర.

మరుసటి ఏడాది మళ్లీ కొత్తగా 200 చుక్కలు చల్లి చూస్తే 58 చోట్ల చెట్టు వచ్చిందనుకోండి. 29 శాతం. 'ఏడాదిలో 3 శాతం పచ్చదనం మాయం' అని రీల్ చేసేయొచ్చా? చేయకూడదు. లాటరీ ఊగిసలాటే అంతకంటే పెద్దది.

అయితే దీనికి ఒక అందమైన ఉపాయం ఉంది. కొత్త చుక్కలు చల్లకుండా, పోయినేడాది పెట్టిన ఆ 200 చుక్కల దగ్గరికే మళ్లీ వెళ్లండి. 64లో 6 చోట్ల చెట్టు పోయింది, కొత్తగా ఎక్కడా రాలేదు అనుకుందాం. మళ్లీ 58 చుక్కల లెక్కే, 29 శాతం. కానీ ఈసారి ఊగిసలాట తగ్గిపోతుంది, ఎందుకంటే మారని 194 చుక్కలు గోల చేయవు. తగ్గుదల 3, అటూ ఇటూ సుమారు రెండున్నర. సున్నా ఆ పరిధిలో లేదు. అంటే నిజంగానే తగ్గింది, చెప్పొచ్చు. ఖర్చు పెరగలేదు, చుక్కలు పెరగలేదు, చుక్క చిరునామా దాచుకున్నాం అంతే.

ఇప్పుడు దేశం అంకెలకు వద్దాం. 2023 అటవీ స్థితి నివేదిక ప్రకారం దేశంలో అడవి విస్తీర్ణం 7,15,343 చదరపు కిలోమీటర్లు, భూభాగంలో 21.76 శాతం. ఇది చుక్కలతో తీసింది కాదు, ఉపగ్రహ చిత్రాలతో దేశమంతా గీసిన మ్యాపు. ఆ చిత్రంలో ఒక గడి 23.5 మీటర్లు, అంటే ఒక హెక్టారులో దాదాపు 18 గళ్లు. చుక్కల పని తర్వాత వస్తుంది: మ్యాపు ఎంత నిజమో తేల్చడానికి అక్కడక్కడా చుక్కలు పెట్టి సరిచూస్తారు. 2021 నివేదికలో అలా తేలిన కచ్చితత్వం 92.99 శాతం. అంటే 100 చోట్ల చూస్తే సుమారు 93 చోట్ల మ్యాపు చెప్పిన తరగతి, అసలు తరగతి కలిశాయి. అంతర్జాతీయంగా 85 దాటితే చాలంటారు కాబట్టి ఇది మంచి మార్కే. హెక్టారు కంటే చిన్న గుంపులు, పొలం గట్ల మీది చెట్లు, ఇంటి ముందు వేప, వీటిని ఉపగ్రహం సరిగ్గా పట్టలేదు కాబట్టి వాటి లెక్కకు పూర్తిగా శాంపిలే ఆధారం. అలా వచ్చింది 1,12,014 చదరపు కిలోమీటర్ల 'చెట్ల విస్తీర్ణం'.

సరే. 2021తో పోలిస్తే అడవి 156 చదరపు కిలోమీటర్లు పెరిగిందని 2023 నివేదిక చెప్పింది. హెడ్డింగులూ అవే. కాలిక్యులేటర్ తీయండి. ఏడు లక్షల పైచిలుకులో 156 అంటే 10 వేలకు 2. వందకు ఏడు చోట్ల తరగతి తప్పే అవకాశమున్న మ్యాపుతో 10 వేలకు 2 పెరిగిందని సంబరపడటం ఎలా? న్యాయంగా చెప్పాలంటే రెండింటినీ నేరుగా పోల్చకూడదు. తప్పులు రెండు వైపులా పడి కొంత రద్దవుతాయి, ఒక తరగతి పక్క తరగతిలోకి జారినా అడవి అడవిగానే మిగలొచ్చు. అయినా ఆ 156 పక్కన 'అటూ ఇటూ ఇంత' అన్న మాట నేను చదివిన ఏ వార్తలోనూ కనబడలేదు.

ఇంకో తమాషా. 2021 నివేదికలో అచ్చయిన అంకె 7,13,789. దాన్ని 7,15,343 నుంచి తీసేస్తే 1,554 రావాలి, 156 కాదు. అంటే పాత అంకెను మళ్లీ సవరించి, ఆ సవరించిన దానితో పోల్చారు. సవరించడం తప్పు కాదు, మెరుగైన చిత్రం వస్తే సవరించాల్సిందే. కానీ సవరణే ప్రకటించిన పెరుగుదల కంటే తొమ్మిది రెట్లు పెద్దదైనప్పుడు, ఆ పెరుగుదలకు చప్పట్లు కొట్టే ముందు నేను కాస్త ఆగుతాను. తగ్గుదలకు తిట్టే ముందు కూడా. 2021 నివేదికలో అడవి ఎక్కువగా పెరిగిన రాష్ట్రాల్లో ఆంధ్రప్రదేశ్ 647తో మొదటిది, తెలంగాణ 632తో రెండోది. రెండేళ్లకే రెండూ తగ్గిన జాబితాలో కనబడ్డాయి. రెండుసార్లూ ఎవరికి కావాల్సిన అంకెను వాళ్లు ఫార్వర్డ్ చేశారు.

చుక్కలు మ్యాపును ఎంత ఉతికేయగలవో చూడాలంటే 2017లో సైన్స్ పత్రికలో వచ్చిన ఒక పరిశోధన చూడాలి. ప్రపంచంలోని మెట్ట ప్రాంతాల మీద 2,13,795 చోట్ల అర హెక్టారు ముక్కల్ని ఎంచుకుని, 200 మందికి పైగా మనుషులు స్క్రీన్ మీద కళ్లతో చూసి చెట్లెంతున్నాయో రాశారు. అంతకుముందు అనుకున్నదానికంటే మెట్ట అడవులు 40 నుంచి 47 శాతం ఎక్కువని తేలింది. పలుచగా, దూరదూరంగా ఉండే చెట్లను ఉపగ్రహ మ్యాపులు వదిలేశాయన్నమాట. మన రాయలసీమ లాంటి నేలలే అవన్నీ. దీనిమీద గట్టి అభ్యంతరాలూ వచ్చాయి: చెట్లున్న గడ్డిభూముల్ని అడవి అనేస్తున్నారని. మళ్లీ అదే 10 శాతం గీత దగ్గరే గొడవ.

మీరూ చేసి చూడాలనుకుంటే రెండు జాగ్రత్తలు. నేల మీద నిలబడి ఫోన్‌తో పైకి ఫొటో తీసి 'ఇదే పందిరి' అనకండి. కెమెరా నిలువుగా ఒక్క చుక్కను చూడదు, గొడుగులా విస్తరించి చుట్టుపక్కల కొమ్మల పక్కభాగాల్ని కూడా చూస్తుంది. వైడ్ లెన్స్ అయితే మరీ. అందులో ఆకాశం తక్కువగా, ఆకు ఎక్కువగా కనబడుతుంది. నిలువు చూపుతో వచ్చేది ఒక కొలత, విస్తరించిన చూపుతో వచ్చేది వేరే కొలత, రెండింటినీ కలిపేస్తున్నారని 1999లోనే జెన్నింగ్స్, బ్రౌన్, షీల్ అనే ముగ్గురు ఒక వ్యాసంలో మొత్తుకున్నారు. ఫిన్లాండ్ వాళ్లు దీనికోసం అద్దం బిగించిన గొట్టం వాడతారు. మనకు ఒక ప్లాస్టిక్ పైపు ముక్క, చివర రెండు దారాలు అడ్డంగా, దారాలు కలిసిన చోట ఆకు కనబడుతోందా లేదా, అంతే. పైపు నిటారుగా ఉండాలి, మెడ నొప్పి ఖాయం.

రెండోది రుతువు. మన టేకు, మోదుగ అడవులు మార్చికల్లా బోసిపోతాయి. డిసెంబరులో 60 అన్న చోటే ఏప్రిల్‌లో 15 అనిపిస్తుంది, ఎవరూ ఒక్క కొమ్మా నరకకపోయినా. ఫారెస్ట్ సర్వే వాళ్లు ఎక్కువగా అక్టోబరు నుంచి డిసెంబరు మధ్య చిత్రాలు తీసుకునేది అందుకే. మీరూ ప్రతి ఏడాదీ అదే నెలలో వెళ్లండి, అవే చుక్కల దగ్గరికి.

ఆ చుక్కల జాబితాను కాలనీ గ్రూప్‌లో మాత్రం పెట్టకండి. అమెరికాలో సుమారు 6 వేల ఎకరాలకు ఒకటి చొప్పున శాశ్వత ప్లాట్లు పెట్టుకుని ఏళ్లకొద్దీ మళ్లీమళ్లీ కొలుస్తారు. అవి ఎక్కడున్నాయో కచ్చితమైన చిరునామా బయటికి చెప్పరు. భూమి యజమానుల గోప్యత ఒక కారణం. ఇంకోటి మీకు ఈపాటికే అర్థమై ఉంటుంది: ఫలానా చెట్టు లెక్కలో ఉందని తెలిస్తే, దాన్ని మాత్రం భద్రంగా ఉంచి, దాని పక్కది నరికేస్తారు.